మోదుగు పూల దాకా

ఆదివారం రాత్రి, హోళీకి నాలుగు రోజుల ముందు

ఈరోజు పక్కింటి సరితా నేనూ పిల్లలను తీసుకుని నర్సింహులపేట చేల వైపు వెళ్లాం. ఎండ ఇంకా ముదరలేదు. మోదుగు చెట్లు ఎర్రగా పూశాయి. రంగు కోసం పూలు ఏరాలని సరిత కూతుళ్లిద్దరూ గట్టు మీద పరుగు తీశారు. వాళ్ల వెనకే నా మిన్ను కూడా కదిలింది. నాలుగేళ్ల పిల్ల, కాలి ఆపరేషన్ కట్టు విప్పి నెల అయింది. డాక్టరు నడిపించమనే చెప్పాడు, నాకే ధైర్యం చాలక ఎత్తుకునే తిప్పుతున్నాను.

పది అడుగులు వేసి బోర్లా పడింది. నేను పరుగెత్తబోతే సరిత నా చెయ్యి పట్టుకుంది.

"జర ఆగవే. లేస్తదేమో సూడు."

కోపం వచ్చింది. తన పిల్లయితే ఇలాగే నిలబడేదా?

మిన్ను ఏడవలేదు. మోకాళ్ల మీద లేచి, గౌను దులుపుకుని అరిచింది. "అక్కా, అన్ని తెంపకుండ్రి! నేనొస్తున్న!"

కుంటుతూనే చెట్టు దాకా వెళ్లింది. వచ్చేటప్పుడు ఎత్తుకుంటానంటే ఒప్పుకోలేదు. గౌను నిండా పూలతో మాకంటే ముందు నడిచింది. సరిత నన్ను చూసి నవ్వింది, నాకు కళ్లు తడిశాయి.

జూన్‌లో బడిలో వేయాలి. అక్కడ నేనుండను. పిల్లలు తోస్తే, మెట్ల దగ్గర పడితే...

లేస్తుంది.