తిరగేసిన గుడ్డ

గద్వాల,
చైత్ర పౌర్ణమి, 1943

షోలాపూర్‌లో ఉన్న మా నాయన మార్కండేయకు, గద్వాల నుంచి బిడ్డ సుభద్ర దండం పెట్టి రాసే జాబు.

ఇక్కడ అమ్మ, నేను, మగ్గం క్షేమం. నువ్వు క్షేమమని రాయించావు కాని నాకు నమ్మకం లేదు. అందుకే అన్నిటికంటే ముందు ఒక మాట. నాగన్న మామ ఈ జాబు చివరిదాకా చదివి వినిపించేవరకు నీ ఎడమ కాలు బావి నీళ్లలో పెట్టకు. ఎంత మంట పుట్టినా పెట్టకు. ఎందుకో కింద రాస్తాను. మామా, నువ్వు కూడా అప్పటిదాకా నాయనను బావి వైపు పోనియ్యకు.

ఇక నీ జాబులో అడిగినవాటికి జవాబులు. అమ్మ దగ్గు తగ్గింది. సిల్కు నూలు దొరకక మగ్గం వారంలో మూడు రోజులే ఆడుతున్నది. కొంగు దాకా వచ్చిన చీర ఒకటి అట్లాగే ఆగి ఉంది. ఉగాది పచ్చడిలో చింతపండు ఎక్కువై అమ్మ నన్ను తిట్టింది. నువ్వు ఉంటే రెండు గిన్నెలు తినేవాడివని తనే మళ్లీ అన్నది.

నా గోడ కాగితం నడుస్తున్నదా అని అడిగావు. నడుస్తున్నది. ప్రతి అమావాస్యకు, మగ్గాలు ఆగే రోజున, నాలుగు ప్రతులు రాస్తున్నాను. ఒకటి మన వీధిలో పడుగుకు గంజి పట్టించే చోట గోడకు అంటించి నేనే పైకి చదువుతాను. మిగతా మూడు బండ్ల మీద వనపర్తికి, వీపనగండ్లకు, పెద్దమందడికి పోతాయి. దోమ గురించి రాశాను, గ్రహణం గురించి రాశాను, పాలు ఎందుకు విరుగుతాయో రాశాను. పంతులమ్మ పుస్తకాలు ఇస్తున్నది, నాకు అర్థం కానిచోట కూర్చోబెట్టి చెబుతున్నది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. డబ్బు పెట్టాల్సి వస్తే లేనివాళ్లు దూరంగా నిలబడతారని నువ్వే అన్నావు. అసలు వినాల్సింది వాళ్లే. అయితే యుద్ధం వచ్చినప్పటి నుంచి కాగితం లేదు. మీ మిల్లులో బేళ్లకు చుట్టే కాగితం నువ్వు పంపడం ఆగిపోయాక నా దగ్గర రెండే ఠావులు మిగిలాయి.

నాయనా, నిరుడు ఫాల్గుణంలో నారి పురుగు గురించి రాసిన కాగితం నీకు గుర్తుండే ఉంటుంది. దిగుడు బావి నీళ్లలో కంటికి ఆననంత చిన్న పురుగులుంటాయని, వాటి కడుపులో నారి పురుగు పిల్లలుంటాయని, ఆ నీళ్లు తాగితే ఏడాదికి కాలిలోంచి దారంలాగా బయటికి వస్తుందని, గుడ్డతో వడగట్టుకుంటే రాదని చదివాను. ఆ రోజే నువ్వు మిగిలిన నూలంతా పోగేసి దట్టంగా గుడ్డ నేశావు. మన వీధిలో ఏడిళ్లకు ముక్కలు పంచి, "నా బిడ్డ రాసింది, కట్టుకోండ్రి" అని చెప్పి వచ్చావు. వైశాఖంలో షోలాపూర్ పోయావు.

పోయిన నెల, ఈ ఫాల్గుణంలో, ఆ ఏడిళ్లలో నలుగురికి నారి పురుగు లేచింది.

పక్కింటి బాలమణి అక్క అత్త దేవమ్మ మంచం మీద ఉంది. నేను చూడబోతే కాలు నా ముందుకు చాపింది.

"సదువుకున్న పిల్ల వచ్చిందే! నా కాలు జర సదువు బిడ్డా, ఏం రాసున్నదో."

బాలమణి అక్క, "వడగట్టుకునే తాగినం సుభద్రా, ఒక్క పూట తప్పలే," అంటూ నీళ్ల కుండ దింపింది. నేను చూస్తూ కూర్చున్నాను. మొదటి కుండ వడగట్టింది. గుడ్డ విప్పింది. తిరగేసి రెండో కుండ మూతికి కట్టింది.

"అక్కా, ఎందుకు తిప్పినవ్?"

"ఏందే గట్ల అడుగుతవ్? గుడ్డకు రెండు మొగాలుంటయ్ గద. ఒక్క దిక్కే అరగదీస్తె ఎట్ల? మీ నాయన నేసిన గుడ్డ, పది కాలాలు ఉండాలె."

మనం నేతగాళ్లం నాయనా. గుడ్డ రెండు వైపులా సమంగా అరగాలని మన ఇళ్లలో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. మొదటి కుండప్పుడు పైన చిక్కిన పురుగులు, గుడ్డ తిప్పగానే రెండో కుండలోకి జారిపోయాయి. ఏడాదంతా అదే జరిగింది. ఎప్పుడూ ఒకే మొగం పైకి ఉండాలని నేను రాయలేదు. నేను చదివిన పుస్తకంలోనూ లేదు. కాని ఆ పుస్తకం రాసినవాళ్లకు మన ఇళ్లు తెలియవు, నాకు తెలుసు. నేను ఆలోచించలేదు.

ఆ మాట ఎట్లా పొక్కిందో, మర్నాడే బుచ్చయ్య సావుకారి మన గడపలోకి వచ్చాడు. ఆయన బావుల్లో వేయమని ఏదో తెల్ల పొడి అమ్ముతున్నాడు. అందులో ఏమున్నదో ఆయనా చెప్పడు, పంతులమ్మకూ తెలియదు. మనిషి చేత ఒక కాగితాల కట్ట మోయించుకొని వచ్చి అరుగు మీద పెట్టించాడు.

"చూడు బిడ్డా, తప్పు చెప్పుకుంటెనే తప్పయితది. సప్పుడు జేయకుంటె నాలుగు దినాలకు ఎవరికి యాదుండది. నా పొడి ఎయ్యని బావి నీళ్లు తాగినోళ్లకే పురుగు లేసింది అని రాయి. ఏడాదికి సరిపడ కాయితం నాది. సదివెటోళ్ల దగ్గర నువ్వేం తీసుకోవు, ఉత్తగనే సదువుకుంటరు. ఇంకేం గావాలె నీకు?"

అమ్మ తలుపు చాటు నుంచి, "తీసుకపొమ్మను," అన్నది. నేను అనలేదు.

నాగన్న మామా, ఇక్కడి నుంచి నాయనకు ఒక్కడికే చదువు. చదివేటప్పుడు ఒక్క మాట కూడా వదలకు.

నాయనా, ఆ కట్ట తొమ్మిది రోజులు మన ఇంట్లో ఉంది. నేను అందులోంచి ఒక ఠావు తీశాను. ఆయన చెప్పిన మాట ఆయన చెప్పినట్టే రాశాను. మూడు వాక్యాలు. నా చేతిరాత అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. నాలుగు ఊళ్లకు కాగితం పోవాలంటే ఒక్క అబద్ధం తప్పదని, తర్వాత ఏడాదంతా నిజాలే రాయవచ్చని నాకు నేనే చెప్పుకున్నాను.

మొన్న నీ జాబు వచ్చింది. ఎడమ మడమ పైన పొక్కు లేచిందని, నిప్పు పెట్టినట్టు మండుతున్నదని, సాయంత్రం పని దిగాక బావి మెట్ల మీద కూర్చొని కాలు నీళ్లలో పెడితే ప్రాణం చల్లగా ఉంటున్నదని, దానికి ఏం మందో నా గోడ కాగితంలో ఉంటే రాయమని.

అది నారి పురుగు నాయనా. ఇక్కడ ఉండగా నా కాగితం నమ్మి, తిప్పిన గుడ్డతో వడగట్టుకొని నువ్వు తాగిన నీళ్లు అవి. పొక్కు పగిలిందంటే, నువ్వు కాలు నీళ్లలో పెట్టినప్పుడల్లా అది వేల పిల్లలను ఆ బావిలోకి వదులుతుంది. మంట పుట్టించి మనిషిని నీళ్ల దగ్గరికి నడిపించడమే దాని పని.

నేను రాసిన ఠావు పొయ్యిలో పెట్టాను. కట్ట నెత్తిన పెట్టుకొని నేనే సావుకారి ఇంటికి తీసుకెళ్లాను. "ఒకటి తగ్గింది, కాలబెట్టిన," అన్నాను. ఆయన, "ఇంక దేని మీద రాస్తవో చూస్త," అన్నాడు.

నిన్న అమావాస్య కాకపోయినా, మిగిలిన రెండు ఠావుల్లో ఒకటి గోడకు అంటించి చదివాను. గుడ్డ తిప్పకూడదని రాయక నేను తప్పు చేశానని, అందువల్ల పురుగు లేచినవాళ్లలో మా నాయన కూడా ఉన్నాడని. గంజి కుంచెలు ఆగిపోయాయి. ఇద్దరు లేచిపోయారు. ఇక వడగట్టేదే లేదన్నారు ఒక ఇంటివాళ్లు. దేవమ్మ వాకిట్లో వేసిన మంచం మీద నుంచే కోడలిని కేకేసింది.

"అట్ల నిలబడితె ఎట్లనే? గుడ్డకు ఒక దిక్కు ఎర్ర నూలుతోని ముడెయ్యి. ముడి పైకుండాలె. గింత దానికి ఏడుస్తున్నది పిల్ల!"

ఈ పొద్దు అయిదిళ్ల గుడ్డలకు ఎర్ర ముడి పడింది. బాలమణి అక్క నూలు కట్టల మీది కాగితం పారేయకుండా చదును చేసి నాలుగు ముక్కలు తెచ్చి ఇచ్చింది. వచ్చే అమావాస్యకు అది చాలు. ఆపైన తెలియదు.

నాగన్న మామా, ఇక్కడి నుంచి మీ చాళ్లో, ఆ వరస గదుల్లో ఉండేవాళ్లందరినీ పిలిచి చదువు. నాయన కాలు పెట్టిన బావి నీళ్లు తాగేవాళ్లంతా దట్టమైన గుడ్డ మడత పెట్టి వడగట్టుకోండి. ఒక వైపు ముడి వేసి, అది ఎప్పుడూ పైకే ఉంచండి. మంటగా ఉంటే గిన్నెలో నీళ్లు పోసి కాలు పెట్టుకొని, ఆ నీళ్లు బావికి దూరంగా ఎండిన నేల మీద పారబోయండి. నాయనా, వాళ్లు నిన్ను తిడితే నా పేరు చెప్పు.

పొక్కు పగిలి పురుగు తల కనిపించినప్పుడు లాగకు, లోపల తెగితే కాలంతా చీము పడుతుంది. నున్నటి పుల్లకు చుట్టు. రోజుకు ఎంత వస్తే అంతే. బిగిస్తే ఆగు. నాకు కండె చుట్టడం నేర్పేటప్పుడు ఏం చెప్పావో అదే. నూలు తెగితే నువ్వు అతుకుతావు నాయనా, చూసినవాళ్లకు ముడి కూడా కనపడదు. ఇది తెగితే అతకదు.

ఇట్లు,
నువ్వు నేసిన గుడ్డకు ఎర్ర ముడి వేసి, నీ జవాబు కోసం దారి చూస్తున్న
నీ బిడ్డ
సుభద్ర