బర్రెల చెవుల నిపుణుడు పిల్లల చెవుల జోలికి రాకుండుట గురించి

శామీర్‌పేట,
ఆగస్టు 2004.

మండల అధికారి గారి సముఖమునకు, బస్టాండు వెనుక పిండిగిర్ని నడుపుకొను సిద్దిరాములు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ధర్మేందర్ అను వ్యక్తి వచ్చే ఆదివారం అలియాబాదులో చిన్నపిల్లలకు ఉచితముగా చెవులు కుట్టు ఉత్సవమును తక్షణమే నిలుపుదల చేయించుట గురించి.

సదరు ఉత్సవం సంగతి తమరికి తెలిసే ఉంటుంది. కరపత్రంలో దేవుడి బొమ్మ కింద ముఖ్య అతిథిగా తమ పేరే ఉంది. తమరికి చెప్పి వేశారో, చెప్పకుండా వేశారో నాకు తెలియదు. తెలియకపోతే ఇప్పుడు తెలుసుకొనగలరు. తెలిసే ఒప్పుకుని ఉంటే ఈ కింది అంశాలు ఇంకా నిదానంగా చదువుకొనగలరు.

1. నాకు ఒక్కతే కూతురు. పేరు వర్ష, ఒకటో తరగతి. మా ఇండ్లలో ఆడపిల్లకు చెవులు కుట్టేటప్పుడు మేనమామ ఒడిలో కూర్చోబెట్టడం ఆచారం. పోగులు ఆయనే తేవాలి, కుట్టేవాడిని కుదిర్చే హక్కూ ఆయనదే. మేనమామకు బుద్ధి ఉందా లేదా అని చూసి ఆ హక్కు ఇవ్వాలన్న నిబంధన మాత్రం మా పెద్దలు పెట్టలేదు. వర్ష మేనమామ, అనగా నా బామ్మర్ది రమేష్, దుండిగల్లో ఒక కాలేజీ బస్సు నడుపుతాడు. బస్సు బాగానే నడుపుతాడు.

2. మా అమ్మ దుర్గమ్మ, అలియాబాదులో మా అందరి చెవులూ కుట్టిన అవుసలి, అనగా కంసాలి, వీరయ్యను పిలిపించమన్నది. ఆయన మన కళ్ళ ముందే కొత్త బంగారు తీగ మొన సానబెట్టి, మరిగే నీళ్ళలో వేసి తీసి, పిల్లతో నాలుగు మాటలాడి కుడతాడు. దానికి రమేష్ ఇలా సెలవిచ్చాడు: “ఏంది అత్తమ్మా, ఇంక గా తీగలు, సూదులేనా? మేడ్చల్‌ల గన్నుతోని టక్కున కొడ్తుండ్రు. పోరికి తెల్వనే తెల్వదు.” టక్కున అన్న మాట వినగానే నా భార్య పద్మలత కరిగిపోయింది. కుట్టేవాడెవడో కాస్త అడిగి తెలుసుకుందామని నేనన్నాను. “మేనమామను నేను. నాకు తెల్వదా బావా?” అన్నాడు రమేష్. మా ఇంట్లో ఈ మాట మీద అప్పీలు లేదు.

3. మేడ్చల్‌లోని న్యూ మోహిని ఫ్యాన్సీ స్టోరుకు వెళ్ళాము. గాజులు, రిబ్బన్లు, సెల్‌ఫోన్ కవర్ల మధ్యన ధర్మేందర్ ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వెనుక బోర్డు: ‘చెవులు కుట్టుటలో పదేళ్ళ అనుభవం’. ఇంతకుముందు ఎవరెవరికి కుట్టావని అడిగాను. “ఒగలా ఇద్దరా అన్నా? ఏలకు ఏలు. గీ చుట్టుపక్కల ఊర్లన్నీ నేను గొట్టినయే” అన్నాడు. గన్నును దేనితో కడుగుతావంటే ప్యాంటుకు తుడిచి, పక్కనున్న సెంటు సీసా తీసి దాని మీద ఒకసారి చల్లాడు. మల్లెపూల వాసన వచ్చింది. రమేష్ మెచ్చుకోలుగా తల ఊపాడు.

4. రమేష్ ఆ కుర్చీలో కూర్చుని వర్షను ఒడిలో పెట్టుకున్నాడు. ఆడపిల్ల కదా అని ధర్మేందర్ ముందు ఎడమ చెవికి పెట్టాడు. టక్కుమన్నది. అక్కడితో ఆగిపోయింది. పోగు సగం దిగి ఇరుక్కుంది, గన్ను చెవిని వదలలేదు. వర్ష వేసిన కేక నేను బతికినంత కాలం మరువను. ఒక చుక్క రక్తం రమేష్ చొక్కా మీద పడింది. అంత మీసం ఉన్న మనిషి అది చూసి కళ్ళు తేలేసి, పిల్లను ఒడిలో పెట్టుకునే కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. గన్ను మాత్రం ధర్మేందర్ చేతిలోనే ఉంది. చెవి ఏమైందో నేను వ్రాయను, తమరు ఊహించుకొనగలరు. ఆ గడబిడలో ధర్మేందర్ మా అందరికీ నీళ్ళివ్వడం మాని, రమేష్ ముఖాన అదే సెంటు చల్లాడు.

5. డాక్టరమ్మ లలితకుమారి గారు గాయం కడిగి, కుట్లు వేసి, మందులు వ్రాశారు. ఇంకొంచెం పైన తగిలి ఉంటే మెత్తటి ఎముకకు చీము పట్టి చెవి ఆకారమే పోయేదన్నారు. మొదటి వారం చెవి ఎర్రగా ఉబ్బి, జ్వరం వచ్చింది. ఇప్పుడు తగ్గింది. కాని ఎవరు ఇంటికి వచ్చినా నా బిడ్డ కుడిచేత్తో మంచి చెవిని మూసుకుంటుంది. బడిలో పలక మీద వ్రాసేటప్పుడు కూడా తీయదని, ఎడమచేత్తో వ్రాస్తోందని వాళ్ళ టీచరు చెప్పింది. రమేష్‌ను చూస్తే మంచం కిందికి దూరుతుంది. నాకు ఇది చూసి గుండె మండుతున్నది అయ్యా. అధికార భాషలో దీనికి ఏ మాట వాడతారో నాకు తెలియదు.

6. ఇక అసలు సంగతి. జొన్నలు పట్టించుకోవడానికి గిర్నికి వచ్చిన పాల ముత్తయ్య, గోడకు ఎవరో అంటించిన ఉత్సవం కరపత్రంలో ధర్మేందర్ ఫోటో చూసి పడీపడీ నవ్వాడు. “గీయన మనుషులకు గూడ గుడ్తుండా? మా బర్రెలకు బిళ్ళలు గొట్టినోడు గదనే!” అన్నాడు. అప్పు మీద కొన్న బర్రెలకు బీమా చేసినప్పుడు గుర్తుగా చెవికి ఇనుప బిళ్ళ కొడతారని తమరికి తెలుసు. ఒక ఏజెంటు వెంట ఊరూరా తిరిగి ఆ బిళ్ళలు కొట్టినవాడు ఈయనే. పదేళ్ళ అనుభవం అబద్ధం కాదు. వేలకు వేలు అన్నదీ అబద్ధం కాదు. అందులోనూ సగం బిళ్ళలు ఊడిపోయాయట. “నా బర్రె అయితే ఆయన్ని జూస్తే ఇప్పటికీ తంతది” అన్నాడు ముత్తయ్య. ఆ బర్రెకు ఉన్న తెలివి మా బామ్మర్దికి లేకపోయినందుకు చింతిస్తున్నాను.

7. నేను పోయి నిలదీశాను. ధర్మేందర్‌కు సిగ్గు కలగలేదు. “చెవి చెవే గదా అన్నా. బర్రెది మస్తు దొడ్డుగుంటది, పోరిది పల్సగుంటది. ఇంక అల్కగనే అయితది” అన్నాడు. వచ్చే ఆదివారం ఊరంతా తన దగ్గరికే వస్తుందని, పెద్ద సారే వస్తున్నారని కూడా చెప్పాడు. పెద్ద సారు అంటే తమరే.

8. కావున నా ప్రార్థన. ఊరి తల్లులు కరపత్రంలో తమ పేరు చూసి పిల్లలను ఎత్తుకుని వస్తారు. సారు వస్తున్నాడంటే విచారించే ఉంటాడని అనుకుంటారు. వాళ్ళు ధర్మేందర్‌ను నమ్మడం లేదు, తమరిని నమ్ముతున్నారు. ఉత్సవం ఆపించండి. ఇకమీదట ఎవడు పిల్లల చెవి పట్టుకున్నా, ఇంతకుముందు ఎవరి చెవి పట్టుకున్నాడో నలుగురి ముందు చెప్పించండి. తీగ కొత్తదా, నీళ్ళు మరిగాయా అని కళ్ళారా చూసిన తరువాతే కుట్టనివ్వండి.

ఆపడానికి తమ చేతిలో అధికారం లేదంటే, రండి. పూలమాల వేయించుకోండి. కాని మొదటి చెవి తమరిదే ఇవ్వండి. ఒడిలో కూర్చోబెట్టుకోవడానికి రమేష్‌ను నేను పంపిస్తాను.

పై అంశములన్నీ ఆదివారం లోగా చిత్తగించవలెను. సోమవారం చిత్తగించి ప్రయోజనం లేదు.

తమ విధేయుడు, ఆదివారం వరకు,
సిద్దిరాములు

తా.క.: ఇది వ్రాస్తుంటే వర్ష వచ్చి నా పక్కన నిలబడింది. “ఎవరికి రాస్తున్నవ్ నాయినా?” అన్నది. పెద్ద సారుకు బిడ్డా అన్నాను. వెంటనే చెయ్యి మంచి చెవి మీదికి పోయింది. “గాయన గూడ గుడ్తడా?” అన్నది. “లేదు బిడ్డా, కుట్టనియ్యడు. గాయన ఆపుతడు” అన్న. “నిజంగనా?” అన్నది. నిజంగనే అని ఒట్టేసిన. అప్పుడు చెయ్యి తీసింది సారూ. నెల తర్వాత ఇయ్యాలనే ఒక మాట నమ్మి తీసింది.