ఆకాశం తాడుకు వేసిన అతుకు

కొత్తకోట,
ఆదివారం పొద్దున.

అమ్మకు సుమన దండం పెట్టి రాస్తున్నది. నేను బాగున్నాను. ఒళ్ళు బాగుంది, కోపం అంతకన్నా బాగుంది. నువ్వు, తమ్ముడు ప్రవీణ్ క్షేమమని తలుస్తాను. ఫోన్ చేయకుండా ఉత్తరమెందుకంటావా? ఫోన్లో నేను సగం చెప్పేసరికి "ఇగ సాలు, నోరు మూసుకో" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అట్లా పెట్టేయలేవు. నీకు చదివి వినిపించేది ప్రవీణే కాబట్టి వాడికి ముందే చెబుతున్నాను: ఒరేయ్, ఒక్క ముక్క కూడా మింగకుండా చదువు.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగినవాటికి జవాబులు. తిండికి లోటు లేదు. షెడ్డు పక్కనే దాబా ఉంది, జొన్నరొట్టె దొరుకుతుంది, నీ చేతి రొట్టెలా ఉండదు. బొగ్గు పోగుతో పనిచేస్తే దగ్గు రాదా అన్నావు. మాస్కు కట్టుకుంటున్నాం, ఇంతవరకు రాలేదు. ఇక మగ్గాలవాళ్ళంతా "మీ బిడ్డ ఆకాశానికి లిఫ్టు కడుతున్నదట గదా" అని అడుగుతున్నారన్నావు. కట్టడం లేదమ్మా. ప్రపంచంలో ఇంకా ఎవరూ కట్టలేదు.

సంగతి ఇది. జొన్నచేలో పిట్టలను కొట్టడానికి వడిసెల తిప్పుతారు చూడు, తిరిగినంతసేపు దాని తాడు బిగుసుకొనే ఉంటుంది. భూమి కూడా తిరుగుతున్నదే. భూమి నడుము దగ్గర సముద్రంలో ఒక తాడు కట్టి, ముప్పై ఆరు వేల కిలోమీటర్లు దాటించి, పై కొసకు పెద్ద బరువు తగిలిస్తే, ఆ తిరుగుడుకు తాడు నిటారుగా నిలబడుతుంది. దాన్ని పట్టుకొని బండ్లు పైకి పాకుతాయి. రాకెట్టు అక్కర్లేదు. చిక్కంతా తాడు దగ్గరే. తాడు బరువును తాడే మోయాలి. ఉక్కు తాడైతే తన బరువుకు తానే తెగిపోతుంది. అందుకని నడుమ లావుగా, రెండు కొసలకు సన్నగా చేయాలంటారు. దానికి పనికొస్తుందనుకునేది కార్బన్ నానోట్యూబ్ అనే పోగు. కంటికి కనపడనంత సన్నం, ఉక్కు కన్నా ఎన్నో రెట్లు గట్టి. కానీ అది పొడుగ్గా పుట్టదు, పొట్టి వెంట్రుకల్లా పుడుతుంది. వాటిని కలిపి మెలిపెడితే, ముక్కలో ఉన్న బలం పోగుకు రాదు. ఒకదాని మీద నుంచి ఒకటి జారిపోతాయి. ఇక పిడుగులు, పైన తూటాల్లా తిరిగే పాత ఉపగ్రహాల చెత్త, ఆ గొడవలు వేరే. ఇదంతా కొంత ఫోన్లో వీడియోలు చూసి, కొంత మా ఇంజనీరు రేఖ మేడం చెబితే నేర్చుకున్నాను.

ఆ తాడు మీద నాకు కోపం లేదు. ఏదో ఒకనాడు అది నిలబడాలనే నాకూ ఉంది. కోపమంతా మా కంపెనీ మీద. గేటుకు ఫ్లెక్సీ కట్టారు: "అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన చేతులు ఆకాశానికి నిచ్చెన వేస్తున్నాయి." పక్కన గద్వాల చీరలో నా ఫొటో. ఆ చీర సాయంత్రానికల్లా విప్పించి తీసుకున్నారు. నేసేవాళ్ళ పిల్లకు చీర అద్దెకు తెచ్చి కట్టిన మొనగాళ్ళు! ఏ నిచ్చెనా లేదు. ఉన్నది మేం బొగ్గు పోగుతో నేసిన ఒక నల్లటి పట్టీ. నాగర్‌కర్నూల్ దగ్గరి మెట్ట భూముల్లో పెద్ద గాలిబుడగకు దాన్ని వేలాడదీసి, ఒక బండిని పైకి పాకిస్తారట. డబ్బు పెట్టే పెద్దవాళ్ళు దాన్ని చూడటానికి బుధవారం వస్తున్నారు.

మొన్న శుక్రవారం షెడ్డులో ఆ పట్టీకి బరువు తగిలించి పరీక్ష పెట్టారు. అనుకున్న బరువులో సగం పడకముందే అంచున ఒక పోగు ఫట్టుమన్నది. మేడం కెమెరా కోసం లోపలికి పరుగెత్తింది. అంతలో నేనేం చేశానో తెలుసా? వేళ్ళు జారకుండా అద్దుకోవడానికి బూడిద లేక, నేల మీది దుమ్మే అద్దుకొని, రెండు కొసలూ మెలిపెట్టి అతికేశాను. తెగిన పోగును చూస్తూ కూర్చోవడం మనింట్లో ఎవరికి వచ్చు? నూలు పడుగుకు పట్టు కొంగు అతికేటప్పుడు పోగు తెగితే నువ్వు మాట కూడా ఆపవు, చేతులే పని కానిచ్చేస్తాయి. ఇవీ నీ దగ్గర నేర్చుకున్న చేతులే.

మేడం వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నది.

"ఏం చేసినవ్ సుమనా! తెగిన కొసలు చూస్తేనే గదా ఎందుకు తెగిందో తెల్సేది!"

"తెగింది గదా మేడం, అతికిన."

"నిన్నెవరు అతకమన్నరు? తెగేదాక చూడాలనే గదా బరువు పెట్టింది!"

నవ్వొస్తే నవ్వుకో. నేను సిగ్గుతో చచ్చాను. అంతలో మేనేజరు మహేందర్ సార్ వచ్చి పట్టీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏడ తెగింది? నాకైతే కనపడతలేదు."

"ఈమె అతికింది సార్. మళ్ళ మొదటి నుంచి చెయ్యాలె," అన్నది మేడం.

"మళ్ళెందుకు పరేషాన్? నిలబడ్డది గదా. తెగలేదనే రాయి."

"నేను రాయను సార్."

"నువ్వు రాయకుంటే రాసేటోళ్ళే లేరా?" అని, నా వైపు తిరిగి నవ్వాడు. "శభాష్ బిడ్డా! గద్వాల చేతులంటే ఇవీ!"

నా చెవులు కాలిపోయాయి. నేను చేసిన పొరపాటును నాకే దండలా వేశాడు.

ఇక తమ్ముడి సంగతి. "వాడు ఖాళీగ తిరుగుతుండు, నీ కాడికి పిలిపియ్యి" అని రాయించావు. ఆ మాట నీదో, రాసినవాడిదో నాకు అనుమానమే. నేను అడిగాను, సార్ వెంటనే ఒప్పుకున్నాడు. పనేమిటో తర్వాత తెలిసింది. బుడగ ఊగకుండా పక్క తాళ్ళు పట్టుకొని నిలబడాలి, సరిగ్గా ఆ బండి కింద. పట్టీ తెగితే బండి పడేది వాళ్ళ నెత్తినే. "సార్, కింద పిల్లలుంటరు" అంటే, "ఏం గాదు, హెల్మెట్లు ఇస్తం" అన్నాడు. హెల్మెట్లు! పిడుగుకు గొడుగు పట్టినట్టు.

ఇంతసేపు దాచిన మాట ఇప్పుడు చెబుతున్నాను. నిన్న నేను ఆ పట్టీని కోసేశాను. అతుకుకు అటు జానెడు, ఇటు జానెడు వదిలి, కత్తెరతో అడ్డంగా. మగ్గం మీది పడుగుకు కత్తెర తగిలితే ఆ పూట నువ్వు అన్నం ముట్టవని తెలుసు. అయినా కోసి, ఆ ముక్కను అందరి ముందే మేడం చేతిలో పెట్టాను.

"దీని విలువ తెల్సా నీకు?" అని అరిచాడు సార్.

"తెల్వదు సార్. కింద నిలబడేటోడు నా తమ్ముడని తెల్సు."

మెడ పట్టి గెంటించాడు. గేటు మీది నా ఫొటో మాత్రం అట్లాగే ఉంది. మేడం మీదా నాకు కోపమే, "రాయను" అన్నదే తప్ప బుధవారం పని ఆపమని గట్టిగా అడగలేదు. ఇప్పుడు ఆ ముక్కను హైదరాబాదులో సూక్ష్మదర్శిని కింద పెట్టి, పోగు తెగిందని రుజువు చూపిస్తానంటున్నది. నా వేళ్ళు ఏం చేశాయో చెప్పడానికి నేనూ ఇవాళ ఆమెతో పోతున్నాను. ఇంటికి రాకపోవడానికి అదీ కారణం.

అసలు భయం ఇంకొకటి. రేపు మనింటికి జీపు వస్తుంది. వాచ్‌మన్ చెప్పాడు: "సార్ మీ అమ్మ పేరు అడిగిండు. గద్వాలల జోగులమ్మను మించి అతికేటోళ్ళు లేరంట గదా?" కోసిన పట్టీని నీతో అతికించాలని వస్తున్నాడు. అందుకే దీన్ని పోస్టులో వేయకుండా, ఇవాళే బస్సుకు మనూరు వస్తున్న ప్రేమలత చిన్నమ్మ చేతికిస్తున్నాను. ఆయన తియ్యగా మాట్లాడతాడు. తమ్ముడికి పని పర్మనెంటు అంటాడు. బిడ్డ చేసిన నష్టం తల్లే తీర్చాలంటాడు. నీ చేతులను పొగుడుతాడు. ఆ ఒక్కటీ నిజమే. నువ్వు అతికితే ఎక్కడ అతికావో ఆ భగవంతుడికి కూడా కనపడదు. చీరలో అది నీకు పేరు. ఆ పట్టీలో కనపడకపోతే కింద నిలబడ్డవాడికి చావు.

జ్వరంలో కూడా నువ్వు ఏ ఇంటివాళ్ళకూ అతకనని చెప్పలేదు. రేపు చెప్పు. ఆయన వాకిట్లో నిలబడి ఎంత బతిమాలినా, ఎంత బెదిరించినా, "అతక" అని ఒక్క మాట. నన్ను తిట్టాలంటే జీపు పోయాక తిట్టు, ఫోన్ ఎత్తి మొత్తం వింటాను. ప్రవీణ్, చదవడం అయిపోయింది. అమ్మ జీపు ఎక్కబోతే చెయ్యి పట్టుకొని ఆపు.

ఇట్లు,
నీ మాట వినకుండా, నిన్ను మాత్రం తన మాట వినమంటున్న పెద్దబిడ్డ,
సుమన