అత్తిపత్తిని ముట్టుకోని వారం

సోమవారం
ప్రజలకు తెలియజేయడమేమనగా: నరసరావుపేట ఫ్యాన్సీ కొట్టు చలమయ్య అనే నేను, శనివారం దాకా ఒక మొక్కను ముట్టుకోను.

మా అమ్మాయి అక్షయ డిగ్రీ ప్రాజెక్టుకని రెండు కుండీల్లో అత్తిపత్తి పెంచింది. ఒకటి రోజూ తాను తాకేది. రెండోది ఎవరూ తాకనిది. రోజూ తాకితే ఆకులు అలవాటుపడి ముడుచుకోవడం మానేస్తాయట. ఆ తేడా చూపిస్తేనే మార్కులు. పరీక్షలకు గుంటూరు వెళ్తూ వేలు చూపించి చెప్పింది.

"నాన్నా, రెండోదాన్ని కెలికావంటే నా ప్రాజెక్టు పోయినట్టే."

"ఏంది తల్లీ, చెట్టుతో నాకేం పరాచికాలు?"

ఏడో తరగతితో బడి మానేసినా అక్షయ చెప్పిన పాఠం బాగా ఎక్కింది. ఆకు కణాలకు బుల్లి గేట్లుంటాయి. అవే కాల్షియం ఛానెళ్లు. తాకగానే తెరుచుకుంటాయి. నడికుడి రైల్వే గేటు తీస్తే జనం తోసుకొచ్చినట్టు కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. ఆ కబురు ఆకు మొదలుకు చేరుతుంది. అక్కడి కణాల్లోంచి నీళ్లు బయటికి పోతాయి. ఆకు వాలిపోతుంది. అద్భుతం!

మంగళవారం
ముట్టుకోలేదు. ఊదాను. ఊదడం ముట్టుకోవడం కాదు. ముడుచుకుంది! మా ఆవిడ సుబ్బరత్నం నా జోకుకు ఇంతలా కదిలి ఎన్నేళ్లయిందో.

బుధవారం
పొద్దున దాని మీద బల్లి పడింది. నా తప్పు లేదు. గాలి మార్పు కోసం కుండీని కొట్టులోకి తెచ్చాను. గాజులకొచ్చిన గుల్జార్ బేగానికి సైన్సు చెప్పాను. చూపించకపోతే ఎలా నమ్ముతుంది? చిటికెన వేలు, అంతే.

"అబ్బ! ఇంకోసారి చెయ్యన్నా!"

"అన్నా" అన్నాక కాదంటామా?

గురువారం
బజారంతా కొట్టులోనే! ఆకుల చాటున పుల్లతో గీకుతూ "నమస్కారం పెట్టు" అన్నాను. పెట్టింది! మళ్లీ. మళ్లీ.

శుక్రవారం
"నమస్కారం పెట్టు." పెట్టలేదు. పుల్లతో పొడిచాను. కదల్లేదు. సుబ్బరత్నాన్ని పిలిచి చూపించాను.

"ఏమే, చచ్చిందంటావా?"

"చానా బాగుంది. మిమ్మల్ని పట్టించుకోటం మానేసింది, నాకు మల్లే."

శనివారం
అక్షయ వచ్చింది. రెండో కుండీ తాకింది. ఉలుకూ పలుకూ లేదు.

"బల్లి, తల్లీ..."

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఒక తెల్లకాయితం నా ముందు పెట్టింది.

"కాలేజీలో మేడంని గడువు అడుగుతా. ఏం జరిగిందో నిజం రాసియ్యి నాన్నా. అందులో ఒక్క అబద్ధమున్నా నా ప్రాజెక్టంతా అబద్ధమే అయిపోద్ది."

ఆదివారం
సరే. కల్పించినవి ఇవి. బల్లి లేదు. మంగళవారం ఊదలేదు, వేలే పెట్టాను. గుల్జార్ బేగం ఇంకోసారి అడగలేదు, "పాపం, వదిలెయ్యన్నా" అంది. బజారంతా రాలేదు. వచ్చింది ముగ్గురు, అందులో ఒకడు అడ్రసు కోసం. పుల్ల నిజం. సుబ్బరత్నం అన్నది కూడా నిజం.

మేడం గడువిచ్చారు. కొత్త కుండీ వచ్చింది. ఇవాళ్టి నుంచి దాన్ని ముట్టుకోను. పొద్దున ఆకుల మీద దుమ్ముంటే తుడిచాను, అంతే.

దుమ్ము లేదు.