మల్లమ్మ గేదె ఈనింది

మూర్తీ,

నువ్వు పోయాక ఖాజాగూడకు ఇవాళే వెళ్ళాను. ఎండుగడ్డి మీద యూరియా నీళ్ళు చల్లి, మాగబెట్టి, బలమైన మేతగా పశువులకు పెట్టే మన పరిశోధన ఇప్పుడు నేనొక్కణ్ణే చూస్తున్నాను. ఊళ్ళు తిరిగి తిరిగి ఒంట్లో ఓపిక లేదు.

కరువులో ఎముకలు తేలిన మల్లమ్మ గేదె గుర్తుందా? ఆ గడ్డి వాసనకే మొహం తిప్పుకుంటుంటే, నువ్వు రోజూ దగ్గరుండి కొంచెం కొంచెంగా అలవాటు చేశావు. అది మొన్న ఈనింది. దూడ గట్టిగా ఉంది.

"పొడుగు సారు రాలేదేంది? ఆయన కోసమే జున్ను వండిన," అంది మల్లమ్మ.

నువ్వు జ్వరంతో పోయావని చెప్పాను. ఆమె లోపలికెళ్ళి జున్ను గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వన్న తిను సారూ. మస్తు గుంజుకపోయినవ్."

గేదె ఆ గడ్డే నములుతుంటే పక్కన కూర్చుని తిన్నాను. లేవడానికి చాలాసేపు పట్టింది.