ముసలమ్మకు బాపు ఫోన్

శంషాబాద్,
10 నవంబర్ 2025, కార్తీక సోమవారం.

తమ్ముడు వీరేందర్‌కు,

పెద్దక్క నిర్మల దీవించి రాసేది. నేను క్షేమం. పొద్దున శివునికి దీపం పెట్టి, మీ అందరి పేర్లు తలుచుకొని డెంటల్ కాలేజీకి వచ్చిన. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనియ్యవు. అందుకే ఈ ఉత్తరం.

మైలార్‌దేవ్‌పల్లిలో పంటి దవాఖాన కోసం షట్టర్ కిరాయికి తీసుకున్ననని, డాక్టర్ అఖిల అని బోర్డు కూడా రాయించిననని, నీ బిడ్డ ఎప్పటి నుంచి కూర్చుంటదో కనుక్కొని చెప్పమని అడిగినవ్. ఆరాంఘర్‌లో నీ టైర్ల దుకాణానికి వచ్చేటోళ్ళకు పంటినొప్పి ఉంటే, మా బిడ్డ వచ్చేదాకా ఆగమని చెప్తున్నవట. నొప్పి ఆగేది కాదు తమ్మీ. సరే, ముందు మా క్లాసు సంగతి విను.

మొహం నొప్పితో వచ్చినోళ్ళను, భయంతో వచ్చినోళ్ళను ఎట్ల చూడాలో పిల్లలకు నేర్పుతున్న. పుస్తకంలో నరాల పేర్లు ఉంటాయి. కుర్చీలో కూర్చున్న మనిషి చీర కొంగు ఎట్ల నలుపుకుంటదో ఉండదు. అందుకే ఒకరిని రోగిని చేసి, ఇంకొకరిని డాక్టర్‌ను చేసి అడిగిస్త. ఏం కాదు అనే మాట నా క్లాసులో నిషేధం. ఏం చేయబోతున్నమో ముందే చెప్పాలి. రోగి చెయ్యి ఎత్తితే ఆపాలి.

మొన్న అఖిల రోగి అయింది. చున్నీ నెత్తిన కప్పుకొని, నడుము వంచి, పాల్మాకుల నుంచి వచ్చిన డెబ్బై ఏండ్ల ముసలమ్మను అన్నది. డాక్టరేమో జగదీశ్, కాకినాడ పిల్లగాడు. దవడ గుంజుతుంది కొడుకా అన్నది. ఏ పన్ను గుంజమంటారండీ అని ఆయన పట్కారు తీసిండు. నొప్పి గుంజుతుందిరా అయ్యా, పన్ను గుంజుమంటలేను, నీ చేతుల పడితే నా నోట్ల ఒక్కటి మిగిలేటట్టు లేదు అన్నది. క్లాసంతా ఒకటే నవ్వు.

జగదీశ్ సిగ్గుపడి, ఇగ నెమ్మదిగా అడిగిండు. నొప్పి ఎప్పుడు ఎక్కువ అంటే, పొద్దున లేస్తే నోరు తెరుచుకోదు, జొన్నరొట్టె నమలలేను అన్నది. ఇంకెప్పుడు అంటే, మా బాపు ఫోన్ చేసినప్పుడు అన్నది. మళ్ళీ నవ్వులు. అమ్మమ్మా, నీకే డెబ్బై అయితే మీ బాపుకు ఎన్నేండ్లు అని ఆమ్నా అనే పిల్ల వెనక నుంచి అడిగింది. అఖిల కూడా నవ్వింది. నవ్వుకుంటనే చెయ్యి ఎత్తింది. జగదీశ్ ఆపిండు. మంచి పిల్లగాడు.

ఎంత బాగ చేసినవే అని పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు.

మరదలు కవితను అడిగిన అని చెప్పు. బీపీ గోలీలు మానకు. నువ్వు అడిగినదానికి జవాబు కింద రాస్తున్న. దుకాణంలో కాదు, ఇంట్లో కూర్చొని చదువు.

నీ మేలు కోరే
పెద్దక్క

తా.క.: అఖిల నటించలేదు. క్లాసు అయినాక లోపలికి పిలిచి దవడ మీద వేళ్ళు పెట్టి చూసిన. కండ రాయి లెక్క ఉంది. నిద్రలో పండ్లు కొరుకుతుందట. ఆఖరి సంవత్సరం పరీక్ష తప్పింది తమ్మీ, నా సబ్జెక్టులోనే. పరీక్షలో రోగి ఏడిస్తే తనకు మాట పడిపోయింది. మార్కులు వేసినోళ్ళలో నేనూ ఉన్న. ఆ క్లాసు జూనియర్లది, వాళ్ళతో మళ్ళీ కూర్చొని నేర్చుకుంటుంది. నేర్చుకుంటదనే నా నమ్మకం. ఫోన్ ఎత్తగానే నువ్వు డాక్టరమ్మా అని పిలుస్తవు. నేను పరీక్ష తప్పిన, బాపు అని చెప్పే సందు ఆ పిల్లకు దొరకలేదు. నీకు రాస్తనని చెప్పిన, ఒప్పుకుంది. ఇప్పుడు పక్కనే కూర్చుంది. ఈ ఆదివారం ఇంటికి రావచ్చునా అని నిన్ను అడగమంటుంది.