చెయ్యి వదలాల్సిన చోట

ప్రియమైన చెల్లాయికి,

నీ అక్క ఇవాళ కూడా చచ్చిపోయింది. కంగారుపడకు. సాయంత్రం టీ తాగి, గదికొచ్చి, కాళ్లు బారజాపుకుని ఈ ఉత్తరం రాస్తోంది.

పళ్ల డాక్టరుగారు ఆసుపత్రి మూసేశాక నాకింక పనెవరిస్తారులే అనుకున్నానా, సినిమావాళ్లిచ్చారు. ప్రపంచం అంతమైపోయే సినిమా. ముంచడానికని ఒక ఊరే కట్టారు తల్లీ! కాపురం ఉండేవాళ్లు కూడా అంత శ్రద్ధగా కట్టుకోరు. తలుపులకి గొళ్లేలు, కిటికీల్లో పూలకుండీలు, మంగలి కొట్లో అద్దం. పొద్దున్నే ఒకమ్మాయి నా మొహానికి బురద పూస్తుంది. నిన్న ఏ చెంపకి ఎంత పూసిందో ఫోటోలో చూసి మరీ పూస్తుంది. ఆ మొహాలతోనే అందరం బంతిలో కూర్చుని భోంచేస్తాం.

చచ్చేవాళ్లు కుటుంబాలుగా ఉంటే చూసేవాళ్లకి ఏడుపొస్తుందట. అందుకని మైకులో అరిచే పిల్ల ఒకతి మమ్మల్ని జంటలు కట్టింది. నాకూ ఒక మొగుణ్ణి ఇచ్చింది! లిఫ్టులు బాగుచేసే మెకానిక్కట. భార్య పోయింది, ఒక్కడే ఉంటాడు. మనిషి పొడుగు, మాట పొట్టి. మేమిద్దరం చేతులు పట్టుకుని వంతెన మీద పరిగెత్తాలి. టీలో తను చక్కెర వేసుకోడు గానీ, నాకు రెండు చెంచాలని గుర్తుపెట్టుకుని తెచ్చిస్తాడు. నా చెప్పు తెగితే జేబులోంచి తీగముక్క తీసి చిటికెలో కట్టేశాడు. నేను పరిగెత్తలేక వెనకబడితే తనే కుంటుతున్నట్టు నటిస్తాడు, తప్పు నామీదికి రాకుండా.

యాభై దాటాక దొరికిన మొదటి మొగుడు, అదీ ప్రపంచం మునిగే రోజున! అమ్మ ఉంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది.

సినిమా అవగానే నీ దగ్గరికి వచ్చేస్తాను. మాటిచ్చానుగా, ఇక అక్కడే.

ఇట్లు,
రోజూ చచ్చి బతుకుతున్న
నీ అక్క


ప్రియమైన అక్కకి,

వెనక గదికి రంగులేయిస్తున్నాం. నీకిష్టమని లేత పసుపు చెప్పాను. మీ మరిదిగారు కిటికీ పక్కన మంచం వేయించారు. ఒక్క మనిషికి సరిపోయేదేలే.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. "ప్రపంచం ఎందుకు మునుగుతోందో మీ అక్క రాయలేదేంటి?" అన్నారు. నిజమే కదా? ఉల్క పడిందా, సముద్రం పొంగిందా, ఒక్క ముక్క లేదు. టీ, చక్కెర, చెప్పు, తీగముక్క... ఇవి మాత్రం ఉన్నాయి.

బావగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
అన్నీ గమనించే
నీ చెల్లాయి


ప్రియమైన చెల్లాయికి,

బావగారేంటే, నోటికి హద్దూ అదుపూ లేకుండా! సముద్రమే పొంగింది. చాలా?

ఇంతకీ నా కొంప మునిగింది. పెద్ద అల వచ్చే రోజున మైకుపిల్ల ముందే చెప్పింది: "నీళ్లు మీద పడగానే జంటలన్నీ చేతులు వదిలేసి, చెరో పక్కకీ కొట్టుకుపోవాలి. నీళ్లకి ఇళ్లన్నీ విరిగిపోతాయి కాబట్టి ఒక్కసారే తీస్తాం. తప్పు జరిగితే మళ్లీ లేదు." నేను తలూపాను. అప్పుడాయన నా చెవిలో, "నాకు ఈత రాదండీ. ఎవరికీ చెప్పకండి, పంపించేస్తారు," అన్నాడు.

చుట్టూ గజ ఈతగాళ్లున్నారు, నీళ్లు గుండెలదాకానే వస్తాయి, అన్నీ తెలుసు. అయినా ఆ నీళ్లు గోడలా వచ్చి పడేసరికి నాకేమీ గుర్తులేదు. చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "వదలండమ్మా! నీలం కోటావిడా, చెయ్యి వదలండీ!" అని నన్నే చూస్తూ మైకుపిల్ల గొంతు చించుకుంది. వినపడలేదని చెప్పాను. వినపడింది చెల్లాయ్.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అందరూ కొట్టుకుపోయారు, మేమిద్దరం నిలబడ్డాం. దర్శకుడు టోపీ తీసి నేలకేసి కొట్టాడు. మర్నాటినుంచి మమ్మల్నిద్దర్నీ రావద్దన్నారు.

బస్సు దగ్గర ఆయన తడి కోటు పిండుకుంటూ అన్నాడు: "రోజూ సాయంత్రం ఒక్క కప్పు టీ పెట్టుకోవాలంటే విసుగ్గా ఉందండీ. మీకభ్యంతరం లేకపోతే పెళ్లి చేసుకుందాం." అంత పొడుగు మాట ఆయన నోట వినడం అదే మొదలు. నేను చెల్లెలికి మాటిచ్చానని చెప్పేసి బస్సెక్కాను. ఆయన అక్కడే నిలబడ్డాడు.

నువ్వేమీ ఊహించుకోకు. ఈత రాని మనిషని జాలిపడ్డాను, అంతే. కుక్కపిల్లనైనా అలాగే పట్టుకునేదాన్ని. జాలికి పెళ్లేంటి? ఈ వయసులో నలుగురూ నవ్వరూ?

ఇప్పుడు సౌండు రికార్డింగులో జనం అరుపులు అరిచే పని దొరికింది. అది కాగానే బయల్దేరతాను. గొంతు పోయిందిగానీ మనసు తేలిగ్గానే ఉంది.

ఇట్లు,
నీ అక్క


ప్రియమైన అక్కకి,

నిన్న ఏదో సినిమాకి వెళ్లాం. అది మొదలయ్యేముందు మీ సినిమా ట్రైలరు వేశారు. ఇంటంత అల లేచింది, మేడలు పేకముక్కల్లా పడ్డాయి, జనం చీమల్లా కొట్టుకుపోయారు. మీ మరిదిగారు కుర్చీ చేతులు పట్టుకున్నారు. ఆ గోలంతా అణిగాక, కూలిన మేడ పక్కన నీలం కోటు! నా అక్క! పక్కన ఒక పొడుగాయన!

దర్శకుడు టోపీ ఏరుకున్నట్టున్నాడు అక్కా. ట్రైలరు మీ ఇద్దరి మీదే ఆపాడు. పక్క సీటావిడ ముక్కు చీదుకుంటూ, "ఎన్నేళ్ల కాపురమో పాపం," అంది. నేను లేచి నిలబడి "మా అక్కే! మా అక్కే!" అని అరిచాను. వెనకవాళ్లు కూర్చోమన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఉత్తరంలో జాలి అన్నావు. నేను కళ్లింత చేసుకుని చూశాను. అల వచ్చినప్పుడు పట్టుకున్నావు, సరే. నీళ్లు గుండెలదాకా ఉన్నప్పుడు పట్టుకున్నావు, ఒప్పుకుంటాను. తర్వాత నడుముదాకా తగ్గాయి. ఆ తర్వాత మోకాళ్లదాకా తగ్గాయి అక్కా. మోకాళ్లలోతు నీళ్లలో ఎవరైనా మునిగిపోతారా? అప్పుడు కూడా నువ్వు చెయ్యి వదల్లేదు. పైగా నవ్వుతున్నావు. అమ్మ పోయాక నీ మొహంలో ఆ నవ్వు నేను చూడలేదు. ఇంట్లో కాదు, అంత పెద్ద తెరమీద చూసి ఏడ్చాను.

నాకిచ్చిన మాట నాకొద్దు. నలుగురూ నవ్వుతారంటావా, నవ్వనీ. నీ మాటలకి మనమిద్దరం చిన్నప్పటినుంచీ నవ్వుతూనే ఉన్నాంగా. వెళ్లి ఆయన తలుపు కొట్టు.

ఇట్లు,
నువ్వు రాకపోతేనే సంతోషించే
నీ చెల్లాయి


ప్రియమైన చెల్లాయికి,

నీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చాను. సినిమాలో ఎన్నిసార్లు చచ్చినా ఇంత బాగా చావలేదు.

మూడు వీధులవతల ఆయనిల్లు. మెట్లెక్కుతూ అనుకున్నాను, ట్రైలరు చూశారా అని అడిగి వచ్చేద్దామని. తలుపు తీశాడు. లోపల గోడమీద ఒక పాత ఫోటో, కుర్రతనంలో ఆయన మెళ్లో పతకంతో, జుట్టు నీళ్లోడుతూ నిలబడి ఉన్నాడు. కింద పెద్ద అక్షరాలు: ఈత పోటీల్లో మొదటి బహుమతి.

నా ఒళ్లు మండింది. "ఈత రాదన్నారుగా!" అన్నాను.

ఆయన ఫోటో వైపు చూశాడు, నా వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "వచ్చంటే మీరు వదిలేసేవారుగా?" అన్నాడు.

చూశావా! అంత ఖర్చుపెట్టి కట్టిన ఊరు మునిగిపోతుంటే ఈ పెద్దమనిషికి పట్టింది అదీ! మెకానిక్కట! పొట్టి మాటలట! నేను తిట్టడానికి నోరు తెరిచాను, నవ్వొచ్చేసింది. ఆయనా నవ్వాడు. ఇద్దరం గుమ్మంలోనే నిలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వుతుంటే, ఎదురింటి పిల్లలు తలుపులు తీసి చూశారు. లోపల పొయ్యి మీద టీ పొంగి పోయింది. మళ్లీ పెట్టాడు. ఈసారి రెండు కప్పులు.

నోటీసు ఇచ్చాం, వచ్చే నెలాఖరున రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి. సాక్షి సంతకాలకి నువ్వూ మరిదిగారూ రావాలి. మిన్ను విరిగి మీద పడినా రావాలి. మూడో సాక్షిగా మైకుపిల్ల కూడా వస్తానంది. ఈసారి మైకు తీసుకురావద్దని చెప్పాం.

ఆ పసుపు గది మాత్రం ఎవరికీ ఇవ్వకు. సెలవులకి వస్తాం. మంచం ఒక్కటే మార్పించు, ఇద్దరికి సరిపోదు.

ఇట్లు,
నీ అక్క

తా.క.: మీ బావగారు నిన్ను అడిగానని చెప్పమన్నారు.